వైజాగ్‌లో ఐదు రోజుల తిండి: సముద్రం కనపడే చోట తినబాకండి

మాది నెల్లూరు. ముందే చెప్పేస్తన్నా, ఎందుకంటే చేపల విషయంలో మా ఊరోళ్ళకి కాస్త పొగరుంటుంది, ఏ ఊరికి పొయ్యినా పులుసు నాలిక్కి తగలగానే "మామిడికాయ ముక్క పడలేదే" అనకుండా ఉండలేం. మే నెల మూడో వారంలో అమ్మ, నేను, మా ఆవిడ, ఎనిమిదేళ్ళ మా బుడ్డోడు, నలుగురం వైజాగ్ పొయ్యొచ్చాం. చూసే చోట్ల గురించి రెండు ముక్కల్లో చెప్పేస్తా. పిల్లలుంటే కురుసుర సబ్‌మెరైన్ తప్పకుండా చూపించండి, రోడ్డుకి అవతల టీయూ 142 విమానం కూడా ఉంది, రెండూ ఒక సాయంత్రంలో అయిపోతాయి. కైలాసగిరి పొద్దు వాలినాక పోతే బాగుంటుంది, మధ్యాహ్నం పోతే ఉక్కకి చచ్చిపోతారు. ఇంక మిగతాదంతా తిండే.

మొదటి తప్పు రూము. సముద్రం కనపడాలని మా ఆవిడ, సరేనని నేను, బీచ్ రోడ్డులో ఒక లాడ్జి బుక్ చేశాం. కిటికీలోంచి సముద్రం కనపడింది, అబద్ధం చెప్పను, కాకపోతే పక్క బిల్డింగు మీద వాటర్ ట్యాంకుకీ గోడకీ మధ్యన ఒక జానెడు కనపడింది. టిఫిను ఫ్రీ అన్నారు, తొమ్మిదింటికి కిందకి పోతే ఇడ్లీ చల్లగా రాయి మాదిరి, సాంబారు మాత్రం పొగలు, రెండూ కలిపితే సరిపోద్దిలే అన్నట్టు పెట్టారు. ఏసీ రాత్రంతా నీళ్ళు కార్చింది, బకెట్టు పెట్టుకున్నాం. రెండు రాత్రులకి డబ్బులు ముందే కట్టేశాం కాబట్టి నోరు మూసుకోని ఉన్నాం.

మొదటి రోజు రాత్రి అదే రోడ్డులో పెద్ద రెస్టారెంటు, పేరు ఎందుకులే, లైట్లు, గాలి, అలల చప్పుడు అన్నీ ఉన్నాయి. రేటింగు కూడా బ్రహ్మాండంగా ఉంది, తర్వాత తీరిగ్గా కూర్చోని చదివితే సగం మంది వ్యూ గురించే రాశారు, తిండి గురించి ఒక్కడూ రాయలేదు. చేపల పులుసు చెప్పాం. గిన్నెలో ఎర్రటి పులుసు, అందులో నాలుగు ముక్కలు. అమ్మ ఒక ముక్క చిదిమి చూసింది, లోపల తెల్లగా, ఉప్పూ కారం ఏదీ ఎక్కలేదు, పులుపు అసలే లేదు. పులుసు ఒక పక్కన కాచి పెట్టుకోని, మనం ఆర్డర్ ఇచ్చినాక ముక్క వేసి తెచ్చారని తెలిసిపోతానే ఉంది. "అబ్బయ్యా, ఈ ముక్కకీ ఈ పులుసుకీ ఇప్పుడే పరిచయం అయినట్టుంది" అనింది అమ్మ. పదహారు వందల బిల్లు. బుడ్డోడికి ఐస్‌క్రీం ఒక్కటే నచ్చింది.

బిల్లు తెచ్చిన కుర్రాడు మంచోడు. నా మొహం చూసి మెల్లగా చెప్పాడు, ఇప్పుడు వేట లేదండి, బోట్లన్నీ కట్టేసున్నాయి, ఇది ఫ్రీజరు సరుకు అని. అప్పుడు తట్టింది నాకు, నెల్లూరోడినయ్యుండి ఇది మర్చిపొయ్యానే అని. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, తూర్పు తీరం మొత్తం మీద మర బోట్లు వేటకి పోగూడదు, చేపలు గుడ్లు పెట్టే కాలం అని. మోటారు లేని తెప్పలకి మాత్రం ఆ నిషేధం లేదు. అంటే వేసవి సెలవుల్లో పిల్లల్ని తీసుకోని సముద్రం ఊరికి చేపలు తిందామని పొయ్యే మనలాంటోళ్ళందరం సరిగ్గా చేపలు దొరకని రోజుల్లోనే పోతన్నాం. చేప కోసమే అయితే వానలు తగ్గినాక పోండి, వేసవిలోనే పోవాల్సొస్తే హోటల్లో "ఈరోజు పడిందేనా, ఐసుదా, చెరువుదా" అని మొహమాటం లేకుండా అడగండి. నేనడిగితే ఎవరూ కోప్పళ్ళా.

రెండో రోజు పొద్దున ఆటో. మంచి హోటల్ ఎక్కడుంది అని ఆటోవాళ్ళని అడగబాకండి, అట్టా అడిగితే పెద్దదో, కమీషన్ వచ్చేదో చూపిస్తారు. నేను "నువ్వు పొద్దున ఎక్కడ తిన్నావు అన్నా" అని అడిగా. ఆయన అద్దంలోంచి నన్ను చూసి నవ్వి, "మీరు బీచ్ కాడ తిన్నారేటి సార్? ఆ రోడ్డులో తింతే డబ్బులు గాలికిస్తన్నట్టే. ఆఫీసులోళ్ళు ఎక్కడ తింతారో అక్కడ తినాలి" అన్నాడు. ఈ ట్రిప్పు మొత్తానికి పనికొచ్చిన మాట అది. సముద్రానికి దూరం జరిగే కొద్దీ రుచి పెరిగింది, బిల్లు తగ్గింది.

అందుకే మూడో రోజు పొద్దున్నే పెట్టెలు సర్దుకోని ద్వారకానగర్‌కి మారిపొయ్యాం, ఆర్టీసీ కాంప్లెక్స్‌కి నడిచిపొయ్యే దూరం. రూము కిటికీ తీస్తే కోచింగ్ సెంటర్ల బోర్డులు తప్ప ఏం కనపడదు, కానీ శుభ్రంగా ఉంది, వేడి నీళ్ళొచ్చినయ్, రోజుకి పదిహేను వందలు, బీచ్ లాడ్జిలో ఇచ్చిన దాంట్లో సగం. బీచ్‌కి పోవాలంటే ఆటో ఎక్కితే పది పదిహేను నిమిషాలు, అంతే గదా. యాప్‌లో బుక్ చేస్తే రేటు బాగానే ఉంది, కాంప్లెక్స్ బయట నిలబడున్న ఆటోలు మాత్రం పెట్టె కనపడితే రెట్టింపు చెప్తన్నారు, కొంచెం ముందుకి నడిచి ఎక్కండి.

టిఫిన్లకి ద్వారకానగర్ లోనే సాయిరామ్ పార్లర్. పొద్దున ఎనిమిదింటికే కుర్చీల వెనక మనుషులు నిలబడి ఎవరు లేస్తారా అని చూస్తంటారు, అది చూస్తే చాలు లోపలికి పోవచ్చని. నెల్లూరు కారం దోశ తినే నోటికి ఇక్కడ చట్నీ చప్పగా ఉంటుందేమో అనుకున్నా, ఉప్మా పెసరట్టు మీదకి అల్లప్పచ్చడి వేసుకుంటే ఇంకేం గుర్తు రాలా. ఇంకోరోజు ఎంవీపీ కాలనీలో వాసెన పోలి. వాసెన అంటే గిన్నె మూతికి గుడ్డ కట్టి ఆవిరి మీద ఉడికించడం, మా అమ్మమ్మ కూడా ఆ మాట వాడేది. ఈడ చిరుధాన్యాలతో ఇడ్లీ మాదిరి చేసి ఆకులో పెట్టి ఆవిరికి ఉడికిస్తారు. వెంకయ్యనాయుడు గారు ఉపరాష్ట్రపతిగా ఉన్నప్పుడు 2021లో ఈడ తిని మెచ్చుకున్నారు, ఆయన మా జిల్లా మనిషి కాబట్టి అమ్మ ఆ మాట వినగానే పదండి అనింది. ఆకు విప్పితే వచ్చే వాసన ఉంది చూడండి, పచ్చి ఆకు ఉడికిన వాసన, దానికే సగం డబ్బులు ఇవ్వచ్చు. షుగరు ఉండి ఇడ్లీ మానేసిన అమ్మ రెండు తిని, చేతికి మిగిలిన చట్నీ కూడా వదల్లేదు. బుడ్డోడు మాత్రం "ఇది బ్రౌన్‌గా ఉంది" అని ముట్టలేదు, వాడి కోసం సిరిపురం పొయ్యి నూడుల్స్ పెట్టించాల్సొచ్చింది. పిల్లలు, కాలేజీ వయసోళ్ళు ఉంటే ఆ వైపు కెఫేలు, చైనీస్ హోటళ్ళు బోలెడున్నయ్, నాకా సంగతులు పెద్దగా తెలీవు.

శనివారం అమ్మకి నీచు లేదు. పొద్దున్నే సింహాచలం పొయ్యాం. స్వామి ఏడాదంతా చందనంలోనే ఉంటాడు, అక్షయ తృతీయ ఒక్కరోజే నిజరూపం, అది అప్పటికే అయిపోయింది. శనివారం కాబట్టి లైను రెండు గంటలు పట్టింది. ప్రసాదం పులిహోర బాగుంది, మెట్ల దగ్గర పనస తొనలు అమ్ముతుంటే కొన్నాం, కొరికితే తేనె మాదిరి ఉన్నాయి, బస్సులో తింటంటే వెనక సీట్లో ఆవిడ "మీకెంతకిచ్చారు" అని అడిగి, మేం చెప్తే "మోసపోనారు" అని తేల్చేసింది. మధ్యాహ్నం సూర్యాబాగ్‌లో దసపల్లా హోటల్లోని ధరణిలో భోజనం. శాకాహారమే. పప్పు, వేపుడు, పచ్చళ్ళు, పెరుగు, అన్నీ వడ్డించి మళ్ళీ మళ్ళీ అడుగుతారు, రష్‌లో కూడా విసుక్కోలా. పెద్దోళ్ళని తీసుకుపొయ్యేటోళ్ళకి, ఏసీలో కూర్చోని నెమ్మదిగా తినాలంటే ఇది సరైన చోటు. ఒంటిగంట దాటితే బయట నిలబడాలి, పన్నెండున్నరకే పోండి.

ఇంక చేపల సంగతి. నాలుగో రోజు పొద్దున ఆరింటికి నేనూ అమ్మా ఇద్దరమే లాసన్స్ బే పక్కన పెదజాలరిపేటకి పొయ్యాం. తెప్పలోళ్ళు తెచ్చిన కొంచెం సరుకు ఇసక మీద, ప్లాస్టిక్ తట్టల్లో. కానాగంతలు, నెత్తళ్ళు, కాసిని పీతలు, అంతే. ఒక పెద్దావిడ కత్తిపీట ముందు గొంతుక్కూర్చోని నెత్తళ్ళ తలలు గిల్లి పారేస్తా ఉంది, కత్తి అవసరమే లేదు, బొటనవేలుతో ఒక్క నొక్కు, తలతో పాటు పేగు కూడా వచ్చేస్తంది, పక్కన పిల్లులు వరసగా కూర్చోని ఉన్నయ్. అమ్మ చేప మొప్ప ఎత్తి ఎర్రగా ఉందో లేదో చూడబోతే, ఆవిడ "చూడమ్మా చూడు, చూడకుండా ఎత్తికెళ్ళమంటానేటి" అని నవ్వింది. ఇద్దరూ బేరం మొదలుపెట్టి ఎవరు చేసే పులుసు గొప్పదో అన్న దగ్గరకి పొయ్యారు. రూములో వండుకోలేం కదా అంటే, హార్బర్ వైపు పనోళ్ళు తినే మెస్సులున్నాయి, తెచ్చినది ఇస్తే వండి పెడతారు అని చెప్పింది.

నిజంగానే పెట్టారు. బోర్డు కూడా లేని మెస్సు, ఐదు బల్లలు, ఒక ఫ్యాను, గోడ మీద దేవుడి క్యాలెండరు, చేతులు కడుక్కునేది బయట డ్రమ్ము దగ్గర. మా ఆవిడ గుమ్మంలోనే ఆగిపోయింది, బాత్రూం లేదు, అది ముందే తెలుసుకోని పోండి. వండినందుకు రెండొందలు తీసుకోని, అన్నం, చారు వేరే. నెత్తళ్ళ వేపుడు కరకరలాడతా వచ్చింది, ముల్లు తీసే పని లేదు, పిడికిట్లో తీసుకోని అన్నంలో కలుపుకోవడమే. కానాగంతల పులుసు మాత్రం చిక్కగా, కారం మాకంటే తక్కువ, చింతపండు బాగా పట్టింది. అమ్మ రెండో ముద్ద తిని కొంచేపు ఏం మాట్లాడలా. మామిడికాయ లేదు అనలా. లోపల వండుతున్నావిడ దగ్గరికి పొయ్యి మెంతులు ఎప్పుడు వేస్తావమ్మా అని అడిగొచ్చింది, ఇంతకంటే సర్టిఫికెట్ మా ఇంట్లో ఎవరికీ దొరకలేదు, నా పెళ్ళాంతో సహా. మా ఆవిడ కూడా చివరికి బల్ల దగ్గరకొచ్చి కూర్చుంది.

బిర్యానీ అయితే జగదాంబ దగ్గర ఆల్ఫా హోటల్, పాత పేరు, పార్శిలు తెచ్చుకోని రూములో తిన్నాం, కడుపు బరువెక్కలేదు, నాకు నచ్చింది. అరకు ఒకరోజు కారులో పొయ్యొచ్చాం, పోను రాను పన్నెండు గంటలు, బుడ్డోడు ఘాట్ రోడ్డులో రెండుసార్లు కక్కుకున్నాడు, ట్రైను టికెట్ ముందే చేసుకోనందుకు తిట్లు నాకు. బొర్రా గుహల దగ్గర బొంగులో చికెన్ తిన్నాం. పచ్చి వెదురు బొంగులో మసాలా పట్టించిన చికెన్ కూరి, మూతికి ఆకులు కుక్కి నిప్పుల మీద తిప్పుతారు, నూనె వెయ్యరు. మన కళ్ళ ముందర బొంగు చీల్చి ఇచ్చేది తినండి, ముందే కాల్చి పక్కన పెట్టింది వేడి చేసిస్తే పీచు పీచుగా ఉంటుంది, మాకు మొదటి కొట్లో అదే తగిలింది. కిలో ఎంతో, ఎముకలతోనా లేకుండానా ముందే మాట్లాడుకోండి.

బీచ్‌లో అసలేం తినొద్దా అంటే, తినొచ్చు, నిలబడి. ఆర్కే బీచ్‌లో సాయంత్రం మురీ మిక్చర్ బండ్లు. మరమరాలు డబ్బాలో పోసి, ఉల్లిపాయ, టమాటా, పచ్చిమామిడి తురుము, వేరుశనగలు, కారం, నిమ్మకాయ పిండి, గరిటెతో డబ్బా అంచుకి టకటకా కొట్టుకుంటా కలిపి పొట్లం కట్టిస్తాడు. ముప్పై రూపాయలు. వెంటనే తినాలి, సముద్రం గాలికి ఐదు నిమిషాల్లో మెత్తబడిపోద్ది. పక్కనే టమాటా బజ్జీ, పొట్ట చీల్చి ఉల్లిపాయ, కారం కూరి నిమ్మకాయ పిండింది. పదహారు వందల పులుసు తిన్న అదే రోడ్డులో, అదే గాలికి, నలుగురం నూట అరవైకి తిన్నాం.

చివరి రోజు కొనుక్కొచ్చినవి: జీసీసీ, అంటే గిరిజన సహకార సంస్థ, షాపులో అరకు కాఫీ పొడి, తేనె. మాడుగుల హల్వా, గోధుమలు నానబెట్టి పాలు తీసి నెయ్యిలో చేస్తారు, మరీ చల్లగా తింటే పళ్ళకి అతుక్కుంటుంది, కాస్త వెచ్చబెట్టుకోండి. ఇవి కాక మాకు చెప్పకుండా అమ్మ హార్బర్ దగ్గర కిలో ఎండు నెత్తళ్ళు కొనింది. ఐదు కవర్లు చుట్టి, దాని మీద తువ్వాలు చుట్టి, సూట్‌కేసులో నా చొక్కాల మధ్యన పెట్టింది. ఏసీ బోగీ, రాత్రి బండి, తుని కూడా దాటకముందే వాసన మొదలైంది. నేను ఫోన్ చూసుకుంటా ఏం తెలీనట్టు కూర్చున్నా. పై బెర్తులో ఆయన రెండుసార్లు కిందకి తొంగి చూశాడు, మూడోసారి దిగొచ్చి అమ్మ పక్కన కూర్చోని, "ఏమనుకోకండి అమ్మా, కిలో ఎంతకిచ్చాడు?" అని అడిగాడు.