ఫ్రీబీఎస్‌డీని వీఎంలో బిల్డ్ చేసుకుంటూ రెండేళ్లు: మెటా మోడ్ మీద ఇష్టం, గడియారంతో గొడవ

రెండేళ్లకు పైగా నా ల్యాప్‌టాప్‌లో ఒక వర్చువల్ మెషీన్ (వీఎం), అంటే కంప్యూటర్ లోపల మరో కంప్యూటర్‌లా పనిచేసే సాఫ్ట్‌వేర్, నడుస్తోంది. అందులో ఫ్రీబీఎస్‌డీ అనే యూనిక్స్ తరహా ఆపరేటింగ్ సిస్టమ్ (ఓఎస్) మెయిన్ బ్రాంచ్‌ను, అంటే ఇంకా అభివృద్ధిలో ఉన్న వెర్షన్‌ను, సోర్స్ కోడ్ నుంచి నేనే బిల్డ్ చేసుకుంటాను. ఎలా ఇన్‌స్టాల్ చేయాలి, డిస్క్ ఎంత ఇవ్వాలి లాంటివన్నీ హ్యాండ్‌బుక్‌లో చక్కగా ఉన్నాయి కాబట్టి వాటి జోలికి పోను. నేను చెప్పాలనుకున్నది మారిన భాగాలనే మళ్లీ బిల్డ్ చేసే మెటా మోడ్ గురించి మాత్రమే. ఇన్నాళ్లూ ఈ పని మానకుండా ఉన్నానంటే దానివల్లే. మధ్యలో ఒక నెల రోజులు దాన్ని గట్టిగా అనుమానించాను కూడా. ఆ కథ కొంచెం పెద్దది.

మొదటి బిల్డ్‌వరల్డ్ (కెర్నల్ కాకుండా మిగతా బేస్ సిస్టమ్ అంతా కంపైల్ చేసే పని) నాకు దాదాపు మూడు గంటలు పట్టింది. వీఎంకి నాలుగు కోర్లు, 8 జీబీ మెమరీ ఇచ్చాను. ఆ మూడు గంటల్లో ఎక్కువ భాగం ఎల్ఎల్‌వీఎం, క్లాంగ్ అనే కంపైలర్ భాగాల కోసమే పోయింది. 2014లో వచ్చిన 10.0 నుంచి ఫ్రీబీఎస్‌డీకి ముఖ్యమైన ప్లాట్‌ఫారాల మీద క్లాంగే అసలు కంపైలర్, దాని సోర్స్ కూడా బేస్ సిస్టమ్‌లోనే ఉంటుంది. ఓఎస్‌కు గుండెకాయ లాంటి కెర్నల్, సీ లైబ్రరీ అయిన లిబ్‌సీ, ఫైళ్ల జాబితా చూపే ఎల్ఎస్ కమాండ్, కంపైలర్ అన్నీ ఒకే సోర్స్ ట్రీలో ఉండటం చూసి నేను ఎంత సంబరపడ్డానో చెప్పలేను. ఏ లైను ఎక్కడుందో వెతకడానికి పది ప్రాజెక్టుల వెంట తిరగక్కర్లేదు. కానీ ఆ ట్రీ మొత్తం బిల్డ్ అవ్వాలంటే మూడు గంటలు కూర్చోవాలి. సాయంత్రం రెండు గంటలు మాత్రమే దొరికే నాలాంటివాడికి అది కుదిరే పని కాదు.

మెటా మోడ్ ఆ ఇబ్బంది తీర్చింది. ఫైల్‌మన్ అనే కెర్నల్ మాడ్యూల్ ఒకటి ఉంది. దాన్ని లోడ్ చేసుకుంటే, బిల్డ్‌లో నడిచే ప్రతి కమాండ్ ఏయే ఫైళ్లు చదివింది, ఏవి రాసింది అన్నది గమనిస్తుంది. ఆ వివరాలన్నీ ఆబ్జెక్ట్ ఫైలు (సోర్స్ ఫైలు కంపైలై వచ్చేది) పక్కనే ఒక మెటా ఫైలులో చేరతాయి. తర్వాతి బిల్డ్‌లో, బిల్డ్‌ను నడిపే మేక్ అనే ప్రోగ్రామ్ ఆ మెటా ఫైలు తెరిచి, కమాండ్ ఏమైనా మారిందా, అప్పుడు చదివిన ఫైళ్లలో ఏదైనా కొత్తదైందా అని చూస్తుంది. మారనివాటిని ముట్టుకోదు. ఎల్ఎస్‌లో ఒక లైను మార్చి బిల్డ్‌వరల్డ్ పెడితే పది నిమిషాల లోపే అయిపోయింది. మూడు గంటల పని పది నిమిషాలకు దిగడం చూశాక ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఇక్కడ ఒక చిన్న మెలిక ఉంది. మెటా మోడ్ సెట్టింగును ఎస్ఆర్‌సీ డాట్ కాన్ఫ్‌లో పెడితే పనిచేయదు, ఎస్ఆర్‌సీ-ఎన్వ్ డాట్ కాన్ఫ్‌లో పెట్టాలి. మాన్యువల్ పేజీలో రాసే ఉంది. అయినా కొత్తవాళ్లు ఎక్కువగా ఆగిపోయేది ఇక్కడే.

ఇక గొడవ సంగతి. అప్పటికి ఆరు నెలలు గడిచి ఉంటాయి. ఒక రాత్రి కెర్నల్ షట్‌డౌన్ కోడ్‌లో, సిస్టమ్ ఎంతసేపు నడిచిందో చెప్పే అప్‌టైమ్ లైను కింద నాదొక ప్రింట్ఎఫ్ (ఒక లైను తెరపై చూపించే కోడ్) చేర్చాను. బిల్డ్ అయింది, ఎర్రర్ ఏదీ లేదు. ఇన్‌స్టాల్ చేసి రీబూట్ చేశాను. మళ్లీ షట్‌డౌన్ చేస్తే అప్‌టైమ్ లైను వచ్చింది గానీ నా లైను రాలేదు. వేరే కెర్నల్ ఏమైనా బూట్ అయిందేమోనని చూశాను, అదీ కాదు. గిట్ డిఫ్‌లో నా మార్పు స్పష్టంగా ఉంది. స్ట్రింగ్స్ కమాండ్‌తో కెర్నల్ ఫైలు మొత్తం గాలించినా నా మాట ఎక్కడా కనిపించలేదు.

మర్నాడు పొద్దున అదే ఫైలు తెరిచి ఒక్క పదం మార్చి బిల్డ్ చేస్తే, లైను ఠంచనుగా వచ్చింది! రాత్రి ఏదో స్టెప్ వదిలేసి ఉంటానులే అని సర్దుకున్నాను.

రెండు వారాల తర్వాత వ్యవహారం ముదిరింది. ఆ సాయంత్రం వీఎం ఆన్ చేయగానే గిట్ పుల్ చేసి కెర్నల్ బిల్డ్ పెట్టాను. అది అయ్యాక నెట్‌వర్క్ కనెక్షన్ల వివరాలుండే సాకెట్ స్ట్రక్చర్ మధ్యలో నా ప్రయోగం కోసం ఒక ఫీల్డు చేర్చి మళ్లీ బిల్డ్ చేశాను. ఆ కెర్నల్ బూట్ అవుతూ అవుతూ నెట్‌వర్క్ సర్వీసులు మొదలయ్యే చోట ప్యానిక్ అయి ఆగిపోయింది. లోడర్ దగ్గర పాత కెర్నల్ అయిన కెర్నల్ డాట్ ఓల్డ్‌ను ఎంచుకుని బయటపడ్డాను. నా కోడ్‌లోనే తప్పుందని మూడు రాత్రులు దాన్నే చదివాను. చివరికి ఆబ్జెక్ట్ డైరెక్టరీ మొత్తం చెరిపేసి, అదే కోడ్‌ను ఒక్క అక్షరం మార్చకుండా మళ్లీ బిల్డ్ చేస్తే ఏ ప్యానిక్కూ లేకుండా బూట్ అయింది. అంటే కోడ్ సరైనదే. కొన్ని ఆబ్జెక్ట్ ఫైళ్లు కొత్త స్ట్రక్చర్‌తో, కొన్ని పాత స్ట్రక్చర్‌తో కంపైలై ఒకే కెర్నల్‌లో కలిశాయి. మెటా మోడ్‌ను నమ్మి తప్పు చేశాననిపించింది. దాన్ని తీసేసి నెల రోజులు ప్రతిసారీ మొదటి నుంచీ బిల్డ్ చేశాను. ఆ నెలలో నేను చేయగలిగిన పని చాలా తక్కువ.

మనసొప్పక మళ్లీ మెటా మోడ్ పెట్టాను. తేడా వచ్చిన రోజున బిల్డ్‌ను వదిలేసి ఆబ్జెక్ట్ ఫైళ్ల మీద ఎల్ఎస్ మైనస్ ఎల్‌టీ కొట్టాను. పెద్ద టీ ఇస్తే సెకన్లతో సహా పూర్తి సమయం చూపిస్తుంది. తర్వాత డేట్ కొట్టాను. కొన్ని ఆబ్జెక్ట్ ఫైళ్ల మీద ఉన్న టైము ఇంకా రానే లేదు! అప్పుడు రాత్రి తొమ్మిదిన్నర. ఆ ఫైళ్లు మాత్రం తెల్లవారుజామున తయారైనట్టు చెబుతున్నాయి.

ఆ తేడా సరిగ్గా నా స్థానిక సమయానికీ యూటీసీకీ (ప్రపంచ ప్రామాణిక సమయానికీ) మధ్య ఉన్నంత. దాంతో అంతా అర్థమైంది. ఈ వీఎంను మొదట వేరే ఓఎస్ కోసం తయారు చేసుకున్నాను. అందుకని దాని హార్డ్‌వేర్ గడియారం స్థానిక సమయం ఇస్తోంది. ఈటీసీ డైరెక్టరీలో వాల్ సీమాస్ క్లాక్ అనే ఖాళీ ఫైలు లేకపోతే ఫ్రీబీఎస్‌డీ ఆ గడియారాన్ని యూటీసీ అనే అనుకుంటుంది. కాబట్టి బూట్ అవగానే నా వీఎం కొన్ని గంటలు ముందుకు పోయి ఉంటుంది. కాసేపటికి ఎన్‌టీపీడీ (నెట్‌వర్క్ నుంచి సమయం తెచ్చుకునే ప్రోగ్రామ్) సరైన సమయం తెలుసుకుని గడియారాన్ని ఒక్కసారిగా వెనక్కి జరుపుతుంది. ఆ కాసేపట్లో కంపైలైన ఆబ్జెక్ట్ ఫైళ్ల మీద రాబోయే గంటల ముద్ర పడుతుంది. ఆ తర్వాత నేను సోర్స్ మార్చినా, మేక్ దృష్టిలో ఆబ్జెక్ట్ ఫైలే కొత్తది కాబట్టి దాన్ని వదిలేస్తుంది. పొద్దున మార్చినప్పుడు ఎందుకు పనిచేసిందంటే, అప్పటికి అసలు సమయం ఆ ముద్రను దాటేసింది. వీఎంను ఆపకుండా ఉంచిన రోజుల్లో తేడా ఎందుకు రాలేదో కూడా ఇప్పుడు తెలిసింది. తప్పు ఫైల్‌మన్‌ది కాదు, మెటా మోడ్‌దీ కాదు. రెండూ గడియారం చెప్పింది నమ్మాయి, అంతే.

వీఎం సెట్టింగుల్లో హార్డ్‌వేర్ గడియారాన్ని యూటీసీకి మార్చాను. ఆబ్జెక్ట్ డైరెక్టరీ మొత్తం చెరిపేసి, మరో మూడు గంటలు పెట్టి అంతా కొత్తగా బిల్డ్ చేశాను. అప్పటి నుంచి ఆ తేడా ఒక్కసారి కూడా రాలేదు. ఇప్పటికీ వీఎంలోకి లాగిన్ అయితే ముందు కొట్టేది డేట్ కమాండే.

వీఎం స్థితిని ఉన్నదున్నట్టు దాచుకునే స్నాప్‌షాట్ల విషయంలోనూ అప్పటి నుంచి జాగ్రత్తగా ఉన్నాను. మెమరీతో సహా తీసిన స్నాప్‌షాట్‌కు వెనక్కి వెళితే వీఎం లోపలి గడియారం ఆ పాత రోజు దగ్గరే నిలిచిపోవచ్చు. బూట్‌లో మొదటిసారి మాత్రం ఎంత తేడా ఉన్నా సరిదిద్దేలా పెట్టుకోవచ్చు గానీ, అప్పటికే నడుస్తున్న ఎన్‌టీపీడీకి వెయ్యి సెకన్లు మించిన తేడా కనబడితే, మామూలుగా సరిదిద్దే ప్రయత్నం చేయకుండా ఆగిపోతుంది. అందుకే వీఎంను పూర్తిగా షట్‌డౌన్ చేశాకే స్నాప్‌షాట్ తీస్తాను. నిజానికి ఇప్పుడు వాటి అవసరం కూడా తగ్గింది. కొత్త కెర్నల్ ఇన్‌స్టాల్ చేసే ముందు జెడ్ఎఫ్ఎస్ ఫైల్ సిస్టమ్ మీద బీఈసీటీఎల్ కమాండ్‌తో ఒక బూట్ ఎన్విరాన్‌మెంట్ (తిరిగి బూట్ చేసుకోగల సిస్టమ్ కాపీ) తయారు చేసుకుంటే సెకన్లలో అయిపోతుంది. ఏదైనా చెడితే లోడర్ మెనూలో పాతది ఎంచుకుంటే సరి.

మొదట్లో ఎవరు అడిగినా "ఒక్కసారి ఓపిక పడితే ఇక అన్నీ నిమిషాల్లోనే" అని చెప్పేవాణ్ని. ఇప్పుడు అంత ధీమాగా చెప్పను. సోర్స్ ట్రీలోకి కొత్త ఎల్ఎల్‌వీఎం వచ్చిన వారం మెటా మోడ్ ఉన్నా పెద్దగా లాభం లేదు, మళ్లీ మూడు గంటలే. ఎక్కువగా వాడే హెడర్ ఒకటి మారినా బిల్డ్ బాగా సాగుతుంది. మెమరీ సంగతీ అంతే. వీఎంకి 4 జీబీ ఇచ్చి ఒకేసారి నడిచేలా ఎనిమిది జాబులు పెట్టినప్పుడు, క్లాంగ్ మధ్యలో మెమరీ చాలక చచ్చిపోయింది. నాలుగు జాబులకు తగ్గించి, 8 జీబీ ఇచ్చాకే కుదుటపడింది.

నా పరిస్థితులు కూడా చెప్పాలి. నేను ఉద్యోగరీత్యా కెర్నల్ మీద పనిచేసేవాణ్ని కాదు. ఓఎస్ లోపల ఏం జరుగుతుందో చూడాలన్న ఆశతో మొదలుపెట్టాను, నా ఫైళ్లేవీ ఈ వీఎంలో ఉండవు. పాడైతే నాకు పోయేది ఒక సాయంత్రమే. ఇలా కుదిరే వాళ్లకు మాత్రం మెటా మోడ్ పెట్టుకోమని గట్టిగా చెబుతాను, గడియారం సరిచూసుకున్నాకే. సర్వర్ నడుపుకోవడానికి మాత్రమే ఫ్రీబీఎస్‌డీ కావాలనుకుంటే రిలీజ్ వెర్షన్ వేసుకుని బైనరీ అప్‌డేట్లు తీసుకుంటే చాలు, సోర్స్ జోలికి రానక్కర్లేదు. ల్యాప్‌టాప్‌లో మొత్తం 8 జీబీయే ఉంటే నేను ఇప్పటిలా వాడగలిగేవాణ్నా అంటే, అనుమానమే.

పోయిన వారం ప్రింట్ఎఫ్ లైను ఉన్న ఆ పాత బ్రాంచ్‌ను తెరిచి, కొత్త మెయిన్ మీదికి రీబేస్ చేశాను. కెర్నల్ బిల్డ్‌కు నాలుగు నిమిషాలు పట్టింది. షట్‌డౌన్ చేస్తే అప్‌టైమ్ లైను కింద నా లైను వచ్చింది.