క్రిస్టియన్ స్కూల్ ఇంగ్లీష్ క్లాసులో నవల: ఒక పేరెంట్‌గా నా రివ్యూ

మా అమ్మాయి సెవెన్త్, క్రిస్టియన్ స్కూల్లోనే చదువుతోంది. ఈ ఏడు ఇంగ్లీష్ టీచర్ గారు పాఠాలతో పాటు ఒక పూర్తి నవల చదివించారు, సి.ఎస్. లూయిస్ రాసిన నార్నియా కథల్లో 1950లో వచ్చిన మొదటిది, ‘ది లయన్, ది విచ్ అండ్ ది వార్డ్‌రోబ్’. ఐదుకి నాలుగు స్టార్లు ఇస్తున్నా.

మొదట్లో నాకూ భయమేసింది. మంత్రగత్తె ఉన్న పుస్తకం, బైబిల్లో ద్వితీయోపదేశకాండం 18లో మంత్రాలు వద్దని అంత గట్టిగా చెప్పాక పిల్లలకి ఇదెందుకండీ అని మీటింగ్‌లో ఒకాయన అడిగేశారు, నా మనసులో ఉన్నదీ అదే. టీచర్ గారు వాదనకి దిగలేదు. నాతాను ప్రవక్త దావీదు రాజు దగ్గరికెళ్ళి నువ్వు పాపం చేశావని ముందే అనలేదు కదండీ, ధనవంతుడు లాక్కున్న పేదవాడి గొర్రెపిల్ల కథ చెప్పి, దావీదుకి కోపం వచ్చాకే కదా ఆ మనుష్యుడివి నువ్వే అన్నాడు, అన్నారు. నేనింక నోరెత్తలేదు.

క్లాస్ చెప్పే తీరు మాత్రం చాలా నచ్చింది. తప్పు చేసిన ఎడ్మండ్ అనే అబ్బాయి కోసం అస్లాన్ అనే సింహం చనిపోయే చోటుకి రాగానే సండే స్కూల్ పిల్లలంతా ఇది యేసయ్యే మేడం అని అరిచేశారట, టీచర్ అవునర్రా అని, అయినా ఆగండి, ఆ రాత్రి ఎడ్మండ్ అక్కాచెల్లెళ్ళిద్దరూ ఏం చూశారో మెల్లగా చదవండి అన్నారట. చిట్టెలుకలు వచ్చి సింహాన్ని కట్టిన తాళ్ళు కొరుకుతుంటాయి, పాపం అది చనిపోయిందని వాటికి తెలీదు, కట్లు విప్పితే ఏమన్నా మేలు జరుగుతుందేమో అని. మా అమ్మాయి ఇంటికొచ్చి బ్యాగ్ కూడా దించకుండా ఆ ఎలుకల గురించే చెప్పింది, చెప్తూ ఏడ్చేసింది.

ఇంక ఒక స్టార్ ఎందుకు తగ్గించానంటే పరీక్ష వల్ల. ఈ కథలో నీతి ఏమిటి అని ఐదు మార్కుల ప్రశ్న, జవాబు ముందే నోట్స్‌లో రాయించేశారు, సింహం అంటే క్రీస్తు, ఎడ్మండ్ అంటే పాపి, అంతా బట్టీయే. నాకు నిజంగా బాధేసింది. లూకా 15లో యేసయ్య తప్పిపోయిన కుమారుడి కథ చెప్తూ, తిరిగొచ్చిన తమ్ముడికి విందు చేశారని అలిగి బయటే ఉండిపోయిన పెద్ద కొడుకు ఇంట్లోకి వెళ్ళాడో లేదో చెప్పకుండానే ఆపేశాడు, వినేవాళ్ళకి వదిలేశాడు, మరి మనమెందుకు పిల్లల్ని ఆలోచించుకోనివ్వం? టీచర్ గారిని అడిగితే పేపర్ నా చేతుల్లో లేదండీ అన్నారు. మేనేజ్‌మెంట్‌కి లెటర్ రాసిచ్చా, వచ్చే ఏడు ఆ ప్రశ్న బదులు నీకు బాగా గుర్తున్న సీన్ గురించి రాయి అని అడగమని.