గున్‌జో పాటతో అయిదేళ్లు: ఊపిరి ఎక్కడ తీసుకోవాలో చెప్పండి

జపాన్‌లో అయాసె, ఇకురా అనే ఇద్దరి జంట యొఆసోబి. వాళ్ల ‘గున్‌జో’ మంచి పాట అని చెప్పడానికి ఇది రాయడం లేదు. ఆ పని ఇక్కడి హైస్కూలు పిల్లలు ఎప్పుడో చేసేశారు. నాకు ఈ పాటతో ఒక తగాదా ఉంది. పాడుతుంటే ఊపిరి తీసుకోనివ్వదు. ఆ తగాదా సగం తీరింది కూడా ఈ పాటలోనే, మధ్యలో గుంపుగా వచ్చే ఆ గొంతుల దగ్గర.

మేం ఉండేది టోక్యోలో, నిషి కసాయ్‌లో. 2020 సెప్టెంబరులో పాట వచ్చేనాటికి మా అమ్మాయి ఆరో తరగతి. స్కూల్లో మాస్కులు, మధ్యాహ్నం భోజనం దగ్గర మాట్లాడకూడదు, సంగీతం పీరియడ్‌లో కలిసి గొంతెత్తకూడదు. అలాంటి ఏడాదిలో, పదిమంది ఒక్కసారిగా పాడుతున్నట్టుండే పాట మా వంటింటి పక్క గదిలోంచి రోజూ వినబడేది. అది ఎవరి పాటో, దేని గురించో నాకు తెలియదు. ఆ గుంపు గొంతు వచ్చినప్పుడల్లా గిన్నె తోముతున్న చెయ్యి ఆగేది, అంతే.

తర్వాత తెలిసింది. గున్‌జో అంటే ముదురు నీలం, చిత్రకారులు వాడే రంగు. యమగుచి త్సుబాసా గీసిన ‘బ్లూ పీరియడ్’ అనే మాంగాని, అంటే జపనీస్ బొమ్మల కథని, పట్టుకుని కట్టిన పాట. అందులో కుర్రాడు హైస్కూలు. మార్కులు బాగానే వస్తుంటాయి, స్నేహితులతో రాత్రుళ్లు తిరుగుతుంటాడు, మనసు మాత్రం దేనిమీదా ఉండదు. ఒకరోజు డ్రాయింగ్ క్లాసులో, తను చూసిన షిబుయా తెల్లవారుజామును నీలంగా వేస్తాడు. ఆ నీలం ఎదుటివాడికి అర్థమవుతుంది. అక్కణ్ణుంచి వాడి కష్టాలు మొదలు. నాకిది నచ్చలేదంటే ఎవరూ ఏమీ అనరు. ఇది నాకిష్టం అన్నామా, రేపు అందులోనే ఓడిపోవచ్చు. పాటంతా ఆ భయం చుట్టూనే తిరుగుతుంది. ప్రేమ గోల లేదు. పదహారేళ్ల పిల్లలకు ఇది ఎందుకు తగులుతుందో వేరే చెప్పక్కర్లేదు.

నాకూ తగిలింది. విజయవాడలో నేను కర్ణాటక సంగీతం వర్ణాల దాకా నేర్చుకున్నాను. ఇంటర్‌లో హాస్టల్లో వేసేటప్పుడు మా నాన్న అన్నది ఒకటే, “రెండేళ్లు పాట పక్కన పెట్టమ్మా, ఎంసెట్ అయ్యాక నీ ఇష్టం.” ఆ రెండేళ్లు ఇరవై రెండయ్యాయి. నాన్నని తప్పు పట్టను. పాడతానని నేనూ గట్టిగా అడగలేదు.

సరే, పాట నేర్చుకుందామని నోట్‌బుక్ తీశాను. మాటలన్నీ తెలుగు లిపిలో రాసుకున్నాను. జపనీస్‌కి మన లిపి భలే కుదురుతుంది. మాటలు చాలావరకు అచ్చుతోనే ముగుస్తాయి. దీర్ఘం తేడా వస్తే అర్థం మారిపోతుంది. మూడు రోజుల్లో నోటికి వచ్చేసింది. అప్పట్లో ఇండియాలో ఉన్న చెల్లికి ఫోన్‌లో ‘ఇది చాలా తేలిక, రాగం లాగ సాగిపోతుంది’ అని గొప్పలు పోయాను. ఆ మాట ఇప్పుడు సగం వెనక్కి తీసుకుంటున్నాను. చదవడం తేలిక. పాడటం కాదు.

ఎందుకంటే దీన్ని కట్టిన అయాసె మొదట వొకలాయిడ్ పాటలు చేసినవాడు, అంటే కంప్యూటర్ గొంతుతో పాడించేవి. ఆ గొంతుకి ఊపిరితిత్తులు లేవు కదా. ఆ అలవాటు ఇక్కడా కనిపిస్తుంది. ఒక వరస ముగిసీ ముగియకముందే పక్క వరస అందుకోవాలి. కింది స్వరంలో గొణుగుతున్నవాళ్లం ఉన్నట్టుండి పైకి ఎగరాలి. రికార్డులో ఇకురా పాడుతుంటే నీళ్లు తాగినంత సులువుగా ఉంటుంది, అదే మోసం. నేను కీ, అంటే శ్రుతి, మూడు మెట్లు దించుకుంటాను. దించితే పల్లవి అందుతుంది, చరణం గొంతు అడుగుకి పోయి వినబడదు. దించకపోతే చరణం బాగుంటుంది, పల్లవిలో పీక తెగుతుంది.

కరావోకే మెషిన్‌తో ఇంకో గొడవ. పాడుతుంటే తెర మీద స్వరాల గీతలు వస్తాయి, చివర మార్కులు వేస్తుంది. స్వరం ఎంత కుదిరిందో చూపించి, కింద కొబుషి ఎన్నిసార్లు, షకురి ఎన్నిసార్లు అని లెక్క చెబుతుంది. కొబుషి అంటే గొంతులో చిన్న మెలిక, షకురి అంటే కింద నుంచి జారుతూ స్వరాన్ని అందుకోవడం. మొదటిసారి నాకు డెబ్బై మూడు మార్కులు, కొబుషి మాత్రం యాభై పైనే. ఏమిటా అని చూస్తే, నా గమకాలు! మెషిన్ నన్ను పాతకాలపు ఎంకా పాటలు పాడే పెద్దావిడ అనుకుంది. మా అమ్మాయి సోఫా మీద పడి నవ్వింది. “అమ్మా, నువ్వు ప్రతి అక్షరాన్నీ ఊపుతున్నావు. ఇందులో ఊపకూడదు, తిన్నగా నిలబెట్టాలి.” చిన్నప్పుడు కంపితం, అంటే స్వరాన్ని ఊపే ఆ గమకమే, రావడానికి టీచర్ దగ్గర తిన్న దెబ్బలు గుర్తొచ్చాయి. దాన్ని వదిలించుకోవడానికి ఇంకో రెండేళ్లు పట్టింది, పూర్తిగా వదల్లేదు.

ఇక అసలు సంగతి. రెండేళ్ల కిందట ఆఫీసులో బోనెన్‌కై, అంటే ఏడాది చివరి విందు. విందయ్యాక రెండో చోట కరావోకే. కొత్తగా చేరిన పిల్లలు బలవంతం చేస్తే నేను గున్‌జో పెట్టాను. మొదటి చరణం దాటాను. రెండో చరణంలో ఊపిరి అయిపోయింది, ఒక వరస ఎగిరిపోయింది, మైకులో నా ఆయాసం అందరికీ వినబడింది. పర్లేదు, గుంపు గొంతు వస్తుంది, అక్కడ సర్దుకుంటాను అనుకున్నాను. మేం ఎప్పుడూ వెళ్లే చోట ఆ కోరస్ వెనక నుంచి మెషినే వినిపిస్తుంది. ఈ మెషిన్‌లో అది లేదు. తాళం ఒక్కటే పోతోంది. తెర మీద అక్షరాలు రంగు మారుతున్నాయి, నేను మైకు పట్టుకుని నిలబడి ఉన్నాను.

అప్పుడు మూల నుంచి మా కచో పాట అందుకున్నాడు. కచో అంటే మా సెక్షన్ పెద్ద, యాభై అయిదేళ్ల మనిషి, మీటింగుల్లో “అలాగే” తప్ప మాట రాదు. చేతిలో గ్లాసు కింద పెట్టకుండా, కళ్లు టేబుల్ మీదే పెట్టుకుని, కింది స్థాయిలో గట్టిగా పాడుతున్నాడు. పాడేది అసలు వరస కాదు, మగగొంతుల వరస. ఇద్దరు కుర్రాళ్లు పై వరస ఎత్తుకున్నారు. ఎవరో చప్పట్లతో తాళం పట్టారు. నేను ఆ కాసేపూ ఏమీ పాడలేదు. ఊపిరి తీసుకున్నాను. తర్వాత వచ్చే పల్లవిని జీవితంలో మొదటిసారి పూర్తిగా అందుకున్నాను.

బయట స్టేషన్‌కి నడుస్తూ అడిగితే చెప్పాడు. వాళ్లబ్బాయి హైస్కూల్లో క్లాసుల మధ్య కోరస్ పోటీ. వాళ్ల క్లాసు ఈ పాటే ఎంచుకుందట. వాడిది బేస్, అంటే అన్నిటికంటే కింది గొంతు. రెండు నెలలపాటు రోజూ స్నానాల తొట్టిలో కూర్చుని వాడి వరస ఒక్కటే సాధన చేశాడు, ఇల్లంతా మోగేది. “అసలు పాట ఎలా ఉంటుందో నాకు తెలియదు,” అన్నాడు కచో, “మావాడి ముక్కే తెలుసు.”

అప్పటి నుంచి ఈ పాటని ఒక్కదాన్నే పాడటం దాదాపు మానేశాను. రికార్డులో ఆ కోరస్ ప్లసోనికా అనే బృందానిది, శుభ్రంగా ఉంటుంది, అయినా హెడ్‌ఫోన్‌లో వింటే ఇప్పుడు కాస్త చప్పగా అనిపిస్తోంది. అయిదేళ్లు విన్నాక ఆ ఎలక్ట్రానిక్ మెరుపు కూడా కళ్లలో లైటు కొట్టినట్టే ఉంది. 2021లో వచ్చిన ఇంగ్లిష్ వెర్షన్ అర్థం కోసం రెండుసార్లు విని వదిలేశాను.

వేరే పాటలు పెట్టి చూడలేదని కాదు. రెమియొరోమెన్ వాళ్ల ‘సంగత్సు కొకొనోకా’, అంటే మార్చి 9, ఇంతకంటే హాయిగా పాడుకోవచ్చు. 2004 నాటి పాట. స్నేహితుడి పెళ్లికి కట్టింది కాస్తా స్కూళ్లలో వీడ్కోలు పాట అయిపోయింది. నా వయసు సహోద్యోగులకు కళ్లు చెమ్మగిల్లేది దానికే. ఆదో అనే గాయని కోపంగా పాడిన ‘ఉస్సేవా’ పాడే ఓపిక నాకు లేదు. అది పాడేనాటికి ఆదోకి పదిహేడేళ్లు, ఆ కోపం ఆ వయసుకే నప్పుతుంది.

మా అమ్మాయి ఇప్పుడు హైస్కూలు. గున్‌జో అంటే దానికి చిన్ననాటి పాట, మాస్కుల వాసన వస్తుందంటుంది. దాని ఫోన్‌లో ఇప్పుడంతా మిసెస్ గ్రీన్ యాపిల్ అనే బ్యాండ్ పాటలే. కాబట్టి హైస్కూలు పిల్లల మనసు తెలుసుకుందామని ఈ పాట పట్టుకునేవాళ్లకు నా పూచీ లేదు, మీ ఇంట్లో పిల్లల్ని అడగండి. కర్ణాటక సంగీతం నేర్చుకున్నవాళ్లు మార్కులు చూపించే మెషిన్ దగ్గర దీంతో మొదలుపెట్టకండి. నలుగురైనా పోగయ్యే చోటుంటే నా లెక్కలో అయిదుకి నాలుగున్నర. ఒక్కరే గదిలో కూర్చుని పాడుకునేవాళ్లయితే రెండున్నర, అదీ కీ మూడు మెట్లు దించుకుంటేనే.