అమీర్‌పేట నుంచి నైరోబీ బడికి: ఒక స్వచ్ఛంద సేవా ఏజెన్సీ పనితీరు

విదేశాల్లో చిన్నపిల్లలతో స్వచ్ఛందంగా పనిచేయాలనుకునే వారిని రుసుము తీసుకుని పంపే ఏజెన్సీ ఒకటి అమీర్‌పేటలో వీసా కన్సల్టెన్సీల నడుమ నడుస్తోంది. దాని ద్వారా నేను వేసవి సెలవుల్లో నాలుగు వారాలు కెన్యా రాజధాని నైరోబీలోని ఒక పూర్వప్రాథమిక బడిలో పనిచేసి వచ్చాను. నేను విచారించిన మరికొన్ని సంస్థల తీరు దీనికంటే పెద్దగా భిన్నంగా లేదు కనుక ఏజెన్సీ పేరు రాయడం లేదు. ప్రయాణ ఏర్పాట్లకు మంచి మార్కులే వేస్తాను. పిల్లల భద్రతకు మాత్రం పాస్ మార్కులు కూడా వేయలేను.

ముందు మెచ్చుకోవలసినవి చెబుతాను. పసుపు జ్వరం టీకా ధ్రువపత్రం టీకా వేయించుకున్న పది రోజుల తరువాతే చెల్లుతుందని, అది లేకుండా కెన్యా నుంచి తిరిగివస్తే ఇక్కడ క్వారంటైన్ తప్పదని టికెట్లు కొనకముందే చెప్పి, నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌కు పంపారు. 2024 జనవరి నుంచి కెన్యాలో వీసా స్థానంలో వచ్చిన ఈటీఏ (ఎలక్ట్రానిక్ ప్రయాణ అనుమతి) దరఖాస్తును దగ్గరుండి పూర్తిచేయించారు. జీతం లేని పనైనా సందర్శకుల అనుమతి ఒక్కటే చాలదని గుర్తించి, కొద్దికాలం పనిచేయడానికి అక్కడి ప్రభుత్వం ఇచ్చే స్పెషల్ పాస్ కూడా తెప్పించారు. అక్కడి రెండో టర్ము మన వేసవి సెలవులతో కలిసేలా తేదీలు చూశారు. బస కూడా శుభ్రంగా ఉంది.

ఇక అసలు విషయం. దరఖాస్తులో పాస్‌పోర్టు నకలు, అత్యవసర ఫోన్ నంబరు, టీషర్టు కొలత అడిగారు కానీ, ఈ మనిషి చిన్నపిల్లల మధ్యకు వెళ్లదగినవారా కాదా అని తేల్చే ప్రశ్న ఒక్కటీ లేదు. పాస్‌పోర్ట్ సేవ ద్వారా 500 రూపాయల రుసుముతో వచ్చే పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్‌ను నేనే తీసుకుని వెళ్తే, కౌంటర్‌లోని అబ్బాయి ‘అది అక్కర్లేదు మేడమ్, మీ దగ్గరే ఉంచుకోండి’ అన్నాడు. నేను పనిచేసే నర్సరీ బడిలో వ్యానులో వెళ్లే ఆయమ్మను పెట్టుకోవాలన్నా పోలీసు ధ్రువీకరణ, తెలిసినవారి హామీ చూస్తారు. ఊరు దాటి, దేశం దాటి నాలుగేళ్ల పిల్లల దగ్గరకు వెళ్లే వారికి ఆ పాటి విచారణ కూడా లేకపోవడాన్ని చిన్న లోపం అనలేము. పూటంతా సాగిన శిక్షణలో సామాను బరువు, సిమ్ కార్డు, అక్కడ ఫోన్ ద్వారా డబ్బు చెల్లించే ఎం-పెసాతో డబ్బు పంపే పద్ధతి వివరించారు. పిల్లవాడు ఒళ్లో కూర్చుంటానంటే ఏం చేయాలి, ఒంటిపై దెబ్బలు కనిపిస్తే ఎవరికి చెప్పాలి, ఫోటోలు తీయవచ్చా అన్నవి నేను అడిగినప్పుడు ‘అక్కడి వాళ్లు చెబుతారు’ అన్నదే సమాధానం.

వాళ్ల కరపత్రంలో ఎక్కువ చోటు ఆక్రమించింది మాత్రం రెండు వారాల ‘అనాథాశ్రమ’ ప్యాకేజీ. దాన్ని ఎవరూ తీసుకోవద్దని గట్టిగా చెబుతాను. అలాంటి ఆశ్రమాల్లో ఉండే పిల్లల్లో చాలామందికి తల్లో తండ్రో బతికే ఉంటారు. పేదరికం వల్ల, చదువు చెప్పిస్తారన్న ఆశతో అక్కడ చేరుస్తారు. సందర్శకుల డబ్బు పెరిగే కొద్దీ పిల్లలను చేర్చుకోవాలన్న తాపత్రయమూ పెరుగుతుంది. శిశువుకు నిలకడగా ఒకే మనిషి ఆలనాపాలనా అవసరమని బ్రిటిష్ మానసిక వైద్యుడు జాన్ బౌల్బీ 1951లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థకు ఇచ్చిన నివేదికలో రాశారు. రొమేనియా రాజధాని బుకారెస్ట్‌లో 2000లో మొదలైన పరిశోధన, అనాథాశ్రమాల్లాంటి సంస్థల్లోంచి చిన్న వయసులోనే పెంపుడు కుటుంబాల్లోకి వెళ్లిన పిల్లలు ఎంతో మెరుగుపడ్డారని చూపింది. పది రోజుల్లో మచ్చిక చేసుకుని పదిహేనో రోజు విమానం ఎక్కే ‘అక్కయ్యలు’ ఏడాది పొడవునా మారుతూ ఉంటే ఆ పసివాళ్లు ఎవరిని నమ్ముకోవాలి? కొత్త బాలల ఆశ్రమాల నమోదును కెన్యా ప్రభుత్వం 2017లోనే నిలిపివేసింది. అనాథాశ్రమాల్లో స్వచ్ఛంద సేవ పేరిట సాగే పర్యాటకం చేసే హాని గురించి ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ 2019 తీర్మానంలో హెచ్చరించింది. ఈ సంగతులు ఏజెన్సీకి తెలియవని నేను అనుకోను.

నేను ఎంచుకున్నది పిల్లలు సాయంత్రానికి ఇంటికి వెళ్లిపోయే బడి. అక్కడ కూడా మనలాగే పీపీ1, పీపీ2 అని రెండు తరగతులు. 2017లో మొదలైన కొత్త పాఠ్యప్రణాళికలో అవి భాగం. మధ్యలో కప్పుల్లో పోసే ‘ఉజి’ మన రాగి జావకు అక్కచెల్లెలే. ఏజెన్సీ అడగనివన్నీ ఆ బడి ప్రధానోపాధ్యాయురాలు మొదటి ఉదయమే అడిగారు. నా పోలీసు ధ్రువపత్రం తేదీ చూసి నకలు తీసుకున్నారు. పిల్లలతో ఒంటరిగా ఉండకూడదని, ఫోటోలు వద్దని, టీచరు పక్కన సహాయకురాలిగానే తప్ప పాఠం చెప్పే పని ఉండదని తేల్చి చెప్పారు. చేతులు కడిగించడం, రంగు కాగితాలు కత్తిరించడం, ఏడ్చే పిల్లవాడిని టీచరు ఊరుకోబెడుతున్నప్పుడు మిగతా వారిని చూసుకోవడం నా పని. అంతకుమించి ఇవ్వకపోవడమే సబబు. నేను వెళ్లిపోయాక కూడా ఆ తరగతి ఆ టీచరుదే. ఇంట్లో స్వాహిలీ మాట్లాడే పిల్లల కోసం పట్టుమని పది మాటలైనా ఇక్కడే నేర్పించి పంపితే బాగుండేది.

రుసుములో బడికి చేరేది ఎంత అని అడిగితే రసీదులో ఆ విభజన ఉండదన్నారు. వచ్చాక నేను రాసి ఇచ్చిన అభ్యంతరాల్లో ఫోటోల నియమాన్ని చేరుస్తామన్నారు. ఆశ్రమాల ప్యాకేజీ గురించి మాత్రం మాట దాటవేశారు. బాలవిద్యలో అనుభవం ఉండి, కనీసం నాలుగు వారాలు ఉండగలవారు పగటి బడులకు మాత్రమే ఈ ఏజెన్సీని ఆశ్రయించవచ్చు. అడ్వాన్సు కట్టకముందే ఆ బడి రాతపూర్వక బాలల రక్షణ నియమావళిని తెప్పించమని అడగాలి. తెప్పించలేకపోతే ఆ బడికి వెళ్లవద్దు.