ఫైల్ అప్‌లోడ్ చేసి షీట్ మెటల్ ఆర్డర్ పెట్టేవాళ్లూ, ఆ పచ్చ టిక్కు చూసి డబ్బు కట్టేయకండి

హైదరాబాద్‌లో కంట్రోలర్ బాక్సులు, ప్యానెళ్లు, చిన్న మెషీన్ల బాడీలు చేయించుకునేవాళ్లందరికీ ఇది చెప్పాలనిపించింది. పార్ట్ ఫైల్ అప్‌లోడ్ చేయగానే రెండు నిమిషాల్లో రేటు చూపించే సైట్లు ఈమధ్య చాలా వచ్చాయి కదా, వాటిలో ఒకదానికి మేం ఇచ్చిన ఆర్డర్ మొత్తం పనికిరాకుండా వచ్చింది. కస్టమర్‌కి మాటిచ్చిన తేదీ దాటిపోయి మేం పడ్డ టెన్షన్ ఇంకొకరు పడకూడదు.

మాది 1.5 మి.మీ. సీఆర్‌సీఏ (కోల్డ్ రోల్డ్ స్టీలు) షీటుతో చేసే బాక్సు. బాడీకి వరుసగా నాలుగు బెండ్లు, ముందు అంచుల మీద ఎం4 (4 మి.మీ. స్క్రూ పట్టే) ప్రెస్ నట్లు, అంటే షీటు రంధ్రంలోకి నొక్కి కూర్చోబెట్టే నట్లు, వాటి మీద బిగించే చదును ప్లేటు ఒకటి. పార్ట్ త్రీడీ ఆకారం ఉండే స్టెప్ ఫైల్ పెట్టాం, కొలతలన్నీ వేసిన పీడీఎఫ్ డ్రాయింగ్ కూడా జత చేశాం, నట్ల సంగతి నోట్ డబ్బాలో రాశాం. ఫైల్ ఓకే అని పచ్చ టిక్కు వచ్చింది, బొమ్మ చక్కగా తిరుగుతూ కనిపించింది, 18 శాతం జీఎస్టీతో కలిపి రేటూ వచ్చింది. డబ్బు ముందే కట్టాలి, కట్టాం.

సరుకు వచ్చాక చూస్తే ముందు ప్లేటు రంధ్రాలు బాడీ రంధ్రాల మీద కూర్చోవు. క్యాలిపర్ పెట్టి కొలిస్తే బాడీ వెడల్పు ఒకటిన్నర మిల్లీమీటర్ పైగా పెరిగింది. నట్లు అసలు లేనే లేవు, ఉత్త రంధ్రాలు, ఎం4 స్క్రూ పెడితే అవతలికి జారిపోతోంది.

ఎందుకిలా అయిందో కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే మిగతా విషయాలకన్నా మోసం జరిగేది ఇక్కడే. బెండ్ చేసిన ఆకారాన్ని సైట్ సాఫ్ట్‌వేర్ తనంతట తానే చదును షీటుగా విప్పుతుంది. విప్పేటప్పుడు బెండ్ లోపలి రేడియస్ ఇంత, కె-ఫ్యాక్టర్ (మడతలో సాగకుండా ఉండే పొర షీటు మందంలో ఎక్కడుందో చెప్పే నిష్పత్తి) ఇంత అని ఏదో ఒక లెక్క పెట్టుకుంటుంది. అసలు రేడియస్ మాత్రం ప్రెస్ బ్రేక్ (షీటు మడిచే మెషీన్) కింద ఉన్న వీ-డై, అంటే V ఆకారపు గాడి వెడల్పుని బట్టి వస్తుంది. 1.5 షీటుకి మామూలుగా 12 మి.మీ. వీ పెడతారు, దాంతో లోపలి రేడియస్ రెండు మిల్లీమీటర్లకి దగ్గరగా వస్తుంది. సాఫ్ట్‌వేర్ ఒక మిల్లీమీటర్ అనుకుని లెక్క వేస్తే ఒక్కో బెండుకి సుమారు 0.4 మి.మీ. తేడా. ఆపరేటర్ ప్రతి మడతనీ బ్యాక్ గేజ్‌తో (షీటు అంచు ఆనించే కొలత స్టాపర్) సరిగ్గానే పెడతాడు కాబట్టి పక్క మడతలు బాగానే ఉంటాయి, ఆ నాలుగు బెండ్ల తేడా అంతా పోయి మధ్య ముఖంలో చేరుతుంది. మాకు సరిగ్గా అదే జరిగింది. ఆపరేటర్ తప్పు కాదిది, షీటు కట్ చేసేసరికే తప్పు జరిగిపోయింది.

ఇక నట్ల కథ. స్టెప్ ఫైల్‌లో మామూలుగా వచ్చేది ఆకారం ఒక్కటే. త్రెడ్ ఉందా, నట్ కొట్టాలా, ఏ కొలత ఎంత కచ్చితంగా రావాలి, ఇవన్నీ డ్రాయింగ్‌లో ఉంటాయి. గట్టిగా అడిగితే బయటపడిందేమిటంటే, ఆ సైటుకి సొంత మెషీన్లు లేవు, ఆర్డర్‌ని వేరే ఊళ్లో ఒక జాబ్ వర్క్ షాపుకి ఇచ్చారు, ఆ షాపుకి చేరింది చదును చేసిన డీఎక్స్‌ఎఫ్ (కటింగ్ గీతలు మాత్రమే ఉండే ఫైల్) మాత్రమే. మన పీడీఎఫ్, మన నోట్ అక్కడికి పోనే లేదు. డబ్బు తీసుకున్నవాడికీ షీటు కట్ చేసినవాడికీ మధ్య మన డ్రాయింగ్ మాయమైపోతే దానికి కొన్నవాళ్లం ఎలా బాధ్యులమవుతామో నాకు అర్థం కావట్లేదు. వాళ్ల జవాబు మాత్రం ఒక్కటే: ప్రివ్యూ చూసి మీరే ఒప్పుకున్నారు, కస్టమ్ సరుకు వాపసు తీసుకోం. ఆ ప్రివ్యూలో ఒక్క కొలత కూడా కనిపించదు, కనిపించనిదానికి ఒప్పుకున్నట్టు ఎలా అవుతుంది?

అందుకే డబ్బు కట్టకముందే వాళ్లతో మెయిల్‌లో రాయించుకోండి. మెషీన్ ఎవరిది, పని ఏ ఊళ్లో జరుగుతుంది, మీ డ్రాయింగ్ ఆ షాపుకి చేరుతుందా, చదును కొలత ఏ రేడియస్‌తో లెక్కించారు. ఆ చదును ఫైలే తిరిగి పంపమనండి, పంపనన్నవాళ్ల దగ్గర ఆర్డర్ పెట్టొద్దు, అంతే. ముఖ్యమైన కొలతలు రెండు మూడు విడిగా రాసి, ఇవి తప్పితే వాపసు అని ఒప్పించుకోండి. మందం గేజ్‌లో కాకుండా మిల్లీమీటర్లలోనే రాయండి, ఎందుకంటే మనవాళ్లు చెప్పే ఎస్‌డబ్ల్యూజీలో (బ్రిటిష్ వైర్ గేజ్) 16 గేజ్ అంటే 1.63 మి.మీ., అమెరికా స్టీల్ గేజ్‌లో అదే 1.52. డీఎక్స్‌ఎఫ్ పెట్టేవాళ్లకి ఇంకోటి, ఆ ఫైల్‌లో యూనిట్ రాయకుండా వదిలేస్తే సైటు మిల్లీమీటర్లని అంగుళాలుగా చదివి 25.4 రెట్లు పెంచేయొచ్చు, ఇదైతే రేటు చూసినా తెలిసిపోతుంది గానీ బెండ్ తేడా అలా తెలియదు. ఏదైనా ముందు ఒక్క పీసు చేయించండి, దాని రేటు ఎక్కువైనా సరే.

సరుకు రాగానే వీడియో తీస్తూ విప్పి, కొలిచి, తేడా ఉంటే ఆ రోజే రాసి పంపండి. 1930 నాటి సేల్ ఆఫ్ గూడ్స్ చట్టం ప్రకారం, తిరస్కరిస్తున్నామని చెప్పకుండా ఎక్కువకాలం దగ్గర పెట్టుకుంటే ఒప్పుకున్నట్టే లెక్క. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది, కానీ 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో వ్యాపారం కోసం కొన్నవాళ్లు వినియోగదారుల కిందకి రారు, స్వయం ఉపాధితో బతికేవాళ్లకి మాత్రం మినహాయింపు ఉంది. మీరు ఏ కోవలోకి వస్తారో చూసుకుని ఫోన్ చేయండి.

అర్జెంటు పని ఉన్నవాళ్లకి నా మాట, బాలానగర్, జీడిమెట్ల, చర్లపల్లి షాపుల్లో ఒకదానికి వెళ్లండి. కొంచెం ధర ఎక్కువ చెప్పొచ్చు, కానీ ఆపరేటర్ పక్కన నిలబడి అన్నా, ఏ డై పెడుతున్నావని అడగొచ్చు, మొదటి పీసు అక్కడే కొలిచి మిగతావి ఆపించొచ్చు. మా బాక్సులకి రంధ్రాలు పెద్దవి చేసి రివెట్ నట్లు (రివెట్‌లా బిగుసుకునే త్రెడ్ నట్లు) కొట్టి, ముందు ప్లేట్లు మళ్లీ కట్ చేసిచ్చింది బాలానగర్‌లో ఒక చిన్న షాపే.

సైటువాళ్లు ఇప్పుడు సగం డబ్బు క్రెడిట్‌గా ఇస్తాం, తర్వాతి ఆర్డర్‌లో వాడుకోండి అంటున్నారు. ఒప్పుకోలేదు, డబ్బే వాపసు కావాలని లిఖితపూర్వకంగా అడిగాం. మీలో ఎవరికైనా ఇలాంటిదే జరిగి డబ్బు వెనక్కి రాబట్టుకుని ఉంటే, ఏం రాశారో, ఎవరికి రాశారో కింద చెప్పండి.