తెల్ల రబ్బరు: గీతకు మంచిది, పాలిష్‌కు పగ

బడిపిల్లల పెట్టెలో ఉండే తెల్ల వినైల్ రబ్బరును చెక్కపనిలో పెన్సిల్ గీతలు చెరపడానికి చాలాకాలంగా వాడుతున్నాను. ఏ కంపెనీది అన్నది పెద్ద విషయం కాదు. మెత్తగా ఉండి, రుద్దినప్పుడు పొడి కాకుండా పోగుల్లా చుట్టుకుని రాలితే చాలు. గులాబీరంగు రబ్బరు మాత్రం వద్దు. అది గరుకుగా గీరుతుంది, రబ్బర్ వుడ్ (రబ్బరు చెట్టు చెక్క) లాంటి లేతరంగు చెక్కమీద ఎర్రటి మరక కూడా వదులుతుంది.

నాకు నచ్చింది ఒక్కటే: ఇది గీతను చెక్కలోకి నెట్టదు, బయటికి లాగుతుంది. పెన్సిల్ గీత అంటే సన్నటి గ్రాఫైట్ రేకులు. సాండ్ పేపర్ వాటిని నలిపి పక్కనున్న రంధ్రాల్లో కూరుతుంది. టేకు, యాష్ చెక్కల్లో రంధ్రాలు పెద్దవి కాబట్టి గీత పోయినట్టే పోయి బూడిదరంగు నీడ మిగులుతుంది. దాన్ని తియ్యాలంటే 180 నంబరు సాండ్ పేపర్ నుంచి మళ్లీ ఇంకా గరుకైన 120కి దిగాలి. అక్కడొక్కచోటే రుద్దితే గుంట పడుతుంది కాబట్టి పలకంతా రుద్దక తప్పదు. వెనీర్ ప్లై అయితే ఆ దారీ మూసుకుపోయినట్టే. పైనున్న అసలు చెక్క పొర సుమారు అర మిల్లీమీటరే, అంచు దగ్గర కాస్త చెయ్యి బరువైతే కింది పొర బయటపడుతుంది. వెనీర్ పనివాళ్ల డబ్బాలో ఉలి లేకపోయినా ఇది ఉండాలంటాను.

వాడే తీరు: రబ్బరు మూల కోసి పదునైన అంచు తెచ్చుకోవాలి. చెక్క పోగు వెంబడి, ఒకే దిక్కుకి, తేలిగ్గా లాగాలి. ముందుకీ వెనక్కీ రుద్దితే మరక పాకుతుంది. అంచు నల్లబడగానే 220 నంబరు కాగితం ముక్కమీద గీకి శుభ్రం చెయ్యాలి. రాలిన పోగుల్ని చేత్తో తుడవకూడదు, మెత్తటి బ్రష్‌తో దులపాలి. రంధ్రాల్లో పోగులు మిగిలితే పాలిష్ స్ప్రే చేశాక గింజల్లా తేలతాయి. ఆ తరవాతే తెల్ల బట్టమీద కాస్త స్పిరిట్ వేసి తుడవాలి. ఈ వరుస తిరగబడకూడదు. గ్రాఫైట్ స్పిరిట్‌లో కరగదు, తేలుతుందంతే, తేలినదంతా వెళ్లి రంధ్రాల్లో కూర్చుంటుంది. చివర్లో స్పిరిట్ తుడవడం వల్ల ఇంకో లాభం: చెక్క కాసేపు పాలిష్ పట్టినట్టు ముదురుతుంది, మిగిలిపోయిన గీతలు అప్పుడే కంటపడతాయి. ల్యాకర్ పూత పడ్డాక కంటపడితే చేసేదేం లేదు. టార్చిని పక్కవాటంగా పట్టినా గ్రాఫైట్ మెరిసి తెలిసిపోతుంది.

ఇక గొడవ దగ్గరికి. పాలిష్ అయిపోయిన పెట్టె మూతమీద ఈ రబ్బరు పెట్టి వదిలేస్తే ఏమవుతుందో ప్యాకెట్‌మీద ఎవరూ రాయరు. ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) ల్యాకర్ కొట్టిన పలకమీద కొన్ని రోజులు ఉన్న రబ్బరును తీస్తే అది ఊడిరాలేదు, సాగింది. దాని కింద రబ్బరు కొలతకి సరిపడా మచ్చ, అందులో రబ్బరుమీది అచ్చు అక్షరాలు తిరగబడి దిగి ఉన్నాయి. వేలు పెడితే జిగురు. కారణం రబ్బరు తయారీలోనే ఉంది. ఇది చేసే వినైల్, అంటే పీవీసీ ప్లాస్టిక్, పుట్టుకతో గట్టిది, దాన్ని మెత్తబరచడానికి నూనెలాంటి పదార్థం కలుపుతారు. ఆ నూనె ఒకచోట ఉండదు, ఆనుకుని ఉన్న ల్యాకర్ పొరలోకి మెల్లగా పాకి దాన్నీ మెత్తబరుస్తుంది. బట్టతో తుడిస్తే పోదు. ఆ పొరని థిన్నర్‌తో తీసేసి మళ్లీ కొట్టాల్సిందే. ప్లాస్టిక్ స్కేలు పక్కన పెట్టినా రెండూ అతుక్కుంటాయి. రబ్బరుకి కాగితపు తొడుగు ఎందుకిస్తారో అప్పుడర్థమవుతుంది. దాన్ని చించి పారెయ్యకండి.

పైన పొగిడినదాంట్లోనూ కొంత తగ్గించాలి. గీతను బయటికి లాగుతుందన్నది హెచ్‌బీ పెన్సిల్‌తో తేలిగ్గా గీసినదానికే నిజం. అంతకంటే గట్టిదైన 2హెచ్‌తో నొక్కి గీస్తే నలుపు పోతుంది గానీ గాడి మిగులుతుంది, స్టెయిన్ (చెక్కకి పట్టించే రంగు) వేస్తే రంగంతా అందులోనే చేరి ముదురు చార కడుతుంది. అడ్డంగా కోసిన ముఖంమీద కూడా రబ్బరు పెద్దగా పనిచెయ్యదు, అక్కడ పదునైన రందాతో (చిత్రికతో) ఒక పొర లేపడమే మేలు. జిట్రేగి లాంటి నల్ల చెక్కమీద తెల్ల రంగుపెన్సిల్ వాడేవాళ్లకి ఇది దండగ. ఆ పెన్సిల్‌లో మైనం ఉంటుంది, సరిగ్గా చెరగదు, పాలిష్ కూడా పట్టనివ్వదు. అలాంటి చెక్కమీద గీతకి బడి సుద్ద చాలు.

అసలు గీతే పడకూడదనుకుంటే కనిపించే ముఖంమీద మాస్కింగ్ టేప్ అంటించి దానిమీద గీసుకోవచ్చు. జాయింట్ల దగ్గర కత్తిగీత ఎలాగూ మేలు. బాల్‌పెన్ను మాత్రం ముట్టుకోవద్దు, సిరా స్పిరిట్‌కి కరిగి పాకుతుంది.

నావి ఎక్కువగా చిన్న పెట్టెలు, వెనీర్ పలకలు, రంగు వెయ్యకుండా క్లియర్ పాలిష్. అందుకే నాకిది అవసరం. చివరి చెయ్యిగా రందా పట్టేవాళ్లకి గీత ఆ పొరతోనే పోతుంది. వాళ్లకి జిగురు పెట్టి బిగించాక రందా అందని లోపలి మూలల్లో తప్ప దీంతో పనిలేదు. సన్‌మైకా పనివాళ్లకి అదీ ఉండదు. ధర తక్కువే కాబట్టి ఒకటి తెచ్చుకుని పనికిరాని ముక్కమీద చూసుకోండి. పాలిష్ చేసే బల్లకి దూరంగా, తొడుగుతోనే, రేకు డబ్బాలో పెట్టండి.