కొండెక్కకుండా తిరుపతిలో ఒక చలికాలం రోజు

చాలామందికి తిరుపతి అంటే రైల్వే స్టేషన్, బస్టాండ్, అలిపిరి, అంతే. దిగడం, కొండ బస్సెక్కడం, దర్శనం, లడ్లు, మళ్ళీ రైలు. కింద ఊళ్ళో ఏముంది అని ఎవరూ అడగరు. మాది చిత్తూరు, డెబ్బై కిలోమీటర్లు, మాకైనా తిరుపతి అంటే ఆస్పత్రికో పెళ్ళి బట్టలకో పొయ్యే ఊరే. ఈసారి హైదరాబాద్ నుంచి మా అక్కా బావా పిల్లలు వచ్చినారు, దర్శనం టికెట్ మరుసటి రోజుకి దొరికింది, సో ఒక రోజంతా కిందనే. నెల ధనుర్మాసం. నన్నడిగితే తిరుపతి ఊరు చూడాలంటే ఇదే టైమ్, ఎండాకాలంలో అయితే పది గంటలకే రోడ్డు మీద నిలబడలేం.

రూమ్ సంగతి ముందు చెప్పేస్తా. టీటీడీ వాళ్ళ విష్ణు నివాసం స్టేషన్ ఎదురుగానే, శ్రీనివాసం బస్టాండ్ దగ్గర, రెండూ రేటుకి చాలా నయం, దొరికితే కళ్ళు మూసుకుని తీసుకోండి. మాకు దొరకలా, శని ఆదివారాలు కదా. బస్టాండ్ దగ్గర ఒక ప్రైవేట్ లాడ్జిలో దిగినాం. గీజర్ ఉందా అంటే ఉంది సార్ అన్నాడు, నిజంగానే ఉంది, కానీ దాని స్విచ్ కింద కౌంటర్ లో, పొద్దున ఆరు నుంచి ఎనిమిది దాకే వేస్తారంట. మేం లేచింది నాలుగున్నరకి. బకెట్ వేణ్ణీళ్ళకి వేరే డబ్బులు. కాబట్టి చలికాలంలో రూమ్ తీసుకునేటప్పుడు ఏసీ ఉందా అని కాదు, వేణ్ణీళ్ళు ఏ టైమ్ కి అని అడగండి. దుప్పట్లు కూడా పల్చటివి, మా అక్క తెచ్చిన శాలువలే దిక్కయినాయి.

బావ అయితే స్వెటర్ చేతికి వేలాడేసుకుని "ఏం బామ్మర్దీ, ఇదేనా మీ చలి" అని ఎగతాళి. నిజమే, హైదరాబాద్ చలి ముందు తిరుపతి చలి ఒక చలి కాదు. నేనేం మాట్లాడకుండా నేరుగా కపిలతీర్థం తీసుకుపోయినా.

ఇక్కడ ఒకటి చెప్పాలి. తెలంగాణలో వానలు వెనక్కి పొయ్యేటప్పుడు మాకు మొదలవుతాయి, అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఈశాన్య రుతుపవనాలు, మా చెరువులు నిండేదీ అప్పుడే. అందుకే కపిలతీర్థం జలపాతం చూడాలంటే చలికాలమే, ఏప్రిల్లో వస్తే తడి రాయి చూసి పోవాలి. శేషాచలం కొండ మీంచి నీళ్ళు నేరుగా గుడి కోనేట్లోకి పడతాయి, చుట్టూ రాతి మండపాలు, విజయనగర రాజు అచ్యుతరాయల కాలం నాటివని చెప్తారు. పైన వెంకన్న, కొండ కింద ఇక్కడ శివుడు. వైష్ణవులు దీన్నే ఆళ్వార్ తీర్థం అంటారు. మేం పోయినప్పుడు ధార బాగా ఉంది, దగ్గరికి పోతే తుంపర మొహానికి కొడతాంది, గాలి తోడయింది, బావ నోరు మూసుకుని స్వెటర్ వేసుకున్నాడు. నీళ్ళు ఉధృతంగా ఉంటే స్నానానికి వదలరు, వదలకపోతే గొడవ పెట్టుకోకండి, 2021 నవంబర్ వరదల్లో ఇదే జలపాతం ఎట్లా విరుచుకుపడిందో ఊళ్ళో ఎవర్నడిగినా చెప్తారు. ఈ రోజు మొత్తంలో ఒక్కటే చూసే టైముంటే ఇదే చూడండి.

తర్వాత ఆటోలో గోవిందరాజస్వామి గుడి. ఆటోలకి మీటర్ ఉండదు, బయటూరు వాళ్ళని తెలిస్తే రేటు మారుతుంది, ఎక్కే ముందే మాట్లాడుకోండి, లేకపోతే షేర్ ఆటో. బయటి పెద్ద గోపురం మట్లి అనంతరాజు కట్టించింది, కిందనుంచి చూస్తే మెడ నొప్పి పుడుతుంది. స్వామి పడుకుని ఉంటాడు, తల కింద కుంచం. తమ్ముడు వెంకన్న పెళ్ళికి కుబేరుడి దగ్గర చేసిన అప్పు తీర్చడానికి కొండ మీద వచ్చిన డబ్బంతా కొలిచి కొలిచి అలిసిపోయి పడుకున్నాడని మా ఊళ్ళల్లో చెప్పే కథ. ఈ ప్రతిష్ఠ 1130లో రామానుజులు చేసిందని చెప్తారు. గుడిలో గోదాదేవి సన్నిధి ఉంది, ధనుర్మాసం కాబట్టి అక్కడ సందడి, కనుమ రోజు ఇక్కడి గోదాదేవి మాలలు ఊరేగింపుగా తిరుమలకి పోతాయి. కొండమీద కూడా ఈ నెలంతా సుప్రభాతం బదులు తిరుప్పావై. లైన్ పెద్దగా లేదు, అరగంటలో బయటికొచ్చినాం, కట్టెపొంగలి వేడివేడిగా దొన్నెలో పెట్టినారు, మిరియాలు బాగా తగిలినాయి, ఆ చలికి అదే టిఫిన్. పిల్లలు ఇంకోసారి లైన్లో నిలబడతామన్నారు, అక్క తిట్టింది.

గాంధీ రోడ్డు మీద ఇత్తడి సామాన్లు చూస్తే ఆడవాళ్ళు కదలరు, అక్కడ గంట పోయింది, దాని గురించి ఇంక రాయను.

మధ్యాహ్నానికి చంద్రగిరి. దారిలో శ్రీనివాస మంగాపురం, పెళ్ళయినాక స్వామీ అమ్మవారూ ఆరు నెలలు ఇక్కడ ఉన్నారని నమ్మకం, అందుకే కొత్త జంటలు ఎక్కువ. చంద్రగిరి కోట తిరుపతికి ఇంత దగ్గరుండి కూడా ఖాళీగా ఉంటుంది, ఎందుకో నాకర్థం కాదు. సాళువ నరసింహుడు 1485లో విజయనగరం గద్దె ఎక్కకముందు ఇక్కణ్ణుంచే ఏలినాడు, తళ్ళికోట యుద్ధం తర్వాత పెనుకొండ, అక్కణ్ణుంచి రాజధాని ఇక్కడికే వచ్చింది. 1639లో ఇంగ్లీషు వాళ్ళకి మద్రాస్ లో స్థలం ఇచ్చింది కూడా ఈ రాజుల కింది నాయకుడే. రాజమహల్ మూడంతస్తులు, కట్టె వాడకుండా రాయి, ఇటుక, సున్నంతో కట్టినారు. లోపల మ్యూజియం, విగ్రహాలు బాగున్నాయి, కానీ లైటింగ్ నీరసంగా ఉంది, బోర్డులు ఇంకొంచెం పెద్దగా రాయొచ్చు. పై అంతస్తు కిటికీలోంచి కొండ, పక్కన నీళ్ళు, సన్నటి ఎండ, బావ అక్కడ కూర్చుని లేవనంటాడు. శుక్రవారం మ్యూజియం సెలవు, అది గుర్తు పెట్టుకోండి. కోట దగ్గర తినడానికి సరైన హోటల్ లేదు, చెనిక్కాయలు, బొరుగులు, టీ, అంతే, తిరుపతిలోనే తినేసి రండి.

తిరిగొచ్చేటప్పుడు పిల్లల కోసం అలిపిరి వైపు రీజినల్ సైన్స్ సెంటర్. పదేళ్ళ లోపు వాళ్ళకి బాగుంది, పెద్దోళ్ళకి కూర్చోడానికి చెట్లున్నాయి. జూ కూడా అదే వైపు కానీ అది సగం రోజు పని, ఒకే రోజులో కలపకండి.

సాయంత్రం తిరుచానూరు. ఐదు కిలోమీటర్లే అయినా ఊరు దాటేసరికి ట్రాఫిక్ చంపేస్తుంది, శ్రీనివాస సేతు (ఇప్పుడు గరుడ వారధి అంటున్నారు) ఫ్లైఓవర్ వచ్చినాక కొంచెం నయం. అమ్మవారి గుడి దగ్గర చెప్పులు పెట్టే చోటు, లైన్లు, మంచినీళ్ళు అన్నీ పద్ధతిగా ఉన్నాయి. చీకటి పడినాక పద్మసరోవరం మెట్ల మీద కాసేపు కూర్చున్నాం, రాయి చల్లగా ఉంటే అక్క శాలువ మడిచి కింద పరుచుకుంది.

రాత్రికి నాటుకోడి పులుసు, సంగటి అని బావ పొద్దున్నుంచీ ఆశ పెట్టుకున్నాడు. పొద్దున దర్శనం పెట్టుకుని కోడేంది అని అక్క ఒక్క మాటతో తేల్చేసింది. చిన్న మెస్సులో రాగిసంగటి, ఊరిబిండి (చెనిక్కాయల పచ్చడి), పప్పు, నెయ్యి. సంగటి పొగలు కక్కతాంది, పిల్లలు కూడా తిన్నారు, హోటల్ చూడ్డానికి ఏం బాగుండదు గానీ పెట్టే చెయ్యి మంచిది.

మరుసటి రోజు పైకి పొయ్యేవాళ్ళకి ఒక్కటే మాట, తిరుమల దాదాపు 850 మీటర్ల ఎత్తు, కింద చాలిన స్వెటర్ పైన చాలదు. తెల్లారుజామున ఘాట్ రోడ్డులో మంచు కమ్ముకుంటే బస్సు నెమ్మదిగా పోతుంది, దర్శనం టైమ్ కి గంట ముందు కాదు, రెండు మూడు గంటల ముందే బయల్దేరండి. పిల్లలకి మంకీ క్యాప్, సాక్సులు తప్పనిసరి, క్యూలో చెప్పుల్లేకుండా రాతి నేల మీద నడవాలి కదా. బావ కోడి పులుసు బాకీ మాత్రం కొండ దిగి చిత్తూరు చేరినాక మా అమ్మ తీర్చింది.